వీపు మీద ఎండ

పొద్దున్నే పొయ్యి వెలిగించక ముందు మా పిన్ని చేసే పని ఒకటుంది. హాల్లో కిటికీ కర్టెను పక్కకు లాగి, వాళ్ళ అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆవిడ అరచేతిని కిటికీ అద్దానికి ఆనిస్తుంది. ఆ అత్తగారిని మేమందరం మామ్మ అనే పిలుస్తాం. మామ్మకు చూపు లేదు. అద్దం వెచ్చగా తగిలేదాకా అలాగే నిలబడి, తగిలాక "ఊఁ" అంటుంది. అప్పుడు పిన్ని అగ్గిపుల్ల గీసి దేవుడి దగ్గర దీపం వెలిగిస్తుంది. అంతవరకూ ఇద్దరి మధ్యా మాట ఉండదు.

చుట్టపుచూపుగా వెళ్ళినవాళ్ళకు ఇది ముచ్చటగా కనిపిస్తుంది. "అత్తాకోడళ్ళంటే ఇలా ఉండాలమ్మా" అంటారు. ఆ మాట వినగానే పిన్నికి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

పిన్ని ఒక కర్టెన్ల షాపులో కుట్టుపని చేస్తుంది. ఇళ్ళకు వెళ్ళి కొలతలు తీసుకొచ్చేదీ తనే. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. వీధిలో పిల్లలకూ పెద్దలకూ ఆవిడ టేపు పిన్నే. "పెళ్ళిలో నేను కట్టిందొకటి, తను వేసుకున్నదొకటి. రెండోదే గట్టిగా నిలబడింది" అని బాబాయి ఏడిపిస్తాడు. బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. పిన్ని ఎంత చిన్న పనికైనా ముందు కాగితం కత్తిరించనిదే గుడ్డ మీద కత్తెర పెట్టదు. గుడ్డ చెడితే ఊరంతా చూస్తుంది, కాగితం చెడితే చిత్తుబుట్ట ఒక్కటే చూస్తుంది అంటుంది.

వాళ్ళు చాలా ఏళ్ళు ఒక పాత పెంకుటింట్లో అద్దెకున్నారు. మామ్మకు చూపు పోయింది అక్కడే. ఒక్కసారిగా పోలేదు. పాత చీర అంచుల నుంచి వెలిసిపోయినట్టు చుట్టూతా మాసిపోతూ వచ్చి, చివరికి నడిమధ్య కాస్త మిగిలింది. దేవుడి గూటి పక్కన తూర్పు కిటికీ ఉండేది. ఆ కిటికీలో పొద్దుటి వెలుగు, అదొక్కటే మామ్మకు ఆఖరుగా కనిపించింది. కొన్నాళ్ళకు అదీ ఆరిపోయింది. అయినా రోజూ అక్కడే కూర్చునేది. మొహం మీద ఎండ పడుతుంటే దండం పెట్టుకునేది.

"దేవుడెలా ఉంటాడో నాకేం తెలుసే. ఆఖరుసారి ఏదో కనిపించింది మాత్రం ఇటువైపే. ఇక్కడే కూర్చుంటే మళ్ళీ ఎప్పుడైనా వస్తాడేమోనని" అనేది.

ఆ ఇంట్లో మామ్మకు ఎవరి సాయమూ అక్కర్లేదు. మంచం మీంచి లేచి చెయ్యి చాపితే ట్రంకు పెట్టె. పెట్టె అంచు పట్టుకుని పోతే కుట్టు మిషను చల్లటి ఇనుము. అక్కడి నుంచి గోడ. గోడకు దేవుడి గూడు. ఎడమ చేతికి వంటింటి గుమ్మం. వంటింట్లోకి వెళ్ళి చిక్కుళ్ళు ఒలిచేది, బియ్యంలో రాళ్ళు వేళ్ళతోనే ఏరేది. తలుపు దగ్గరికెవరైనా వస్తే అడుగుల చప్పుడు బట్టే పేరు పెట్టి పిలిచేది. కొత్తవాళ్ళకు పిన్నిని చూపించి, "ఇదిగో, ఇవే నా కళ్ళు. కాస్త నల్లగా ఉంటాయి, నోరు కూడా ఉంటుంది" అని నవ్వేది.

రోడ్డు వెడల్పు చేస్తామని ఆ వరసలో ఇళ్ళన్నీ ఖాళీ చేయించారు. అప్పుడు మొదలైంది పిన్ని దిగులు.

మామ్మ పెద్దకొడుక్కి మందుల షాపు ఉంది. మనిషి చెడ్డవాడేమీ కాదు. తల్లి మీద ప్రేమ కూడా ఉంది, ఆ ప్రేమ భయం రూపంలో ఉంటుంది. అంతకుముందోసారి కొన్నాళ్ళు తల్లిని తీసుకెళ్ళి ఉంచుకున్నాడు. మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, చేతికందేలా ఒక గంట పెట్టారు. ఏం కావాలన్నా గంట కొడితే ఎవరో ఒకరు వచ్చేవారు. మామ్మ తిరిగొచ్చేసరికి కాళ్ళు వాచి ఉన్నాయి. "గుళ్ళో విగ్రహంలా కూర్చోబెట్టారే. దండం ఒక్కటే పెట్టలేదు. గంట మాత్రం నేనే కొట్టుకోవాలి" అంది.

ఇల్లు మారుతున్నారని తెలియగానే పెద్దకొడుకు వచ్చాడు.

"కొత్త ఇంట్లో అమ్మ ఎలా తిరుగుతుందిరా? మీరిద్దరూ పొద్దున్న పోతే సాయంత్రం వస్తారు. నాతో పంపించు" అన్నాడు తమ్ముడితో.

బాబాయి నసిగాడు. పిన్నే అందుకుంది. "అలవాటవుతుంది బావగారూ. నేను చూసుకుంటాను."

"అలవాటయ్యేలోపు పడితేనో?"

"పడనివ్వను."

"సరే. ఒక్కసారి పడిందని తెలిసినా వచ్చి తీసుకెళ్ళిపోతా. అప్పుడు నన్నేం అనొద్దు."

ఆ సాయంత్రం మామ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నన్ను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టనివ్వకే" అంది. పిన్నికి అది చాలు.

పిన్ని తనకు తెలిసిన విద్యే పట్టుకుంది. ఇల్లు ఖాళీ చేయకముందే హాలంతా టేపుతో కొలిచింది. ఖాకీ కాగితాలు ఒకదానికొకటి అతికించి, నేల మీద పరిచి, మంచం ఎక్కడ, పెట్టె ఎక్కడ, మిషను ఎక్కడ, గూడు ఎక్కడ అని సుద్దతో గీసి, జాకెట్టుకు కత్తిరించినట్టు ఇంటికి కాగితం కత్తిరించింది. "ఈ ఇంటికి మెడ ఎక్కడ, చంకలెక్కడ?" అని బాబాయి నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

కొత్త ఇల్లు మూడో అంతస్తులో ఒక వాటా. ముందు తూర్పు వైపు వరండా, తలుపు, తలుపు పక్కన పెద్ద కిటికీ, లోపల హాలు, పక్కన వంటిల్లు. సామాను రాకముందు పిన్ని ఆ కాగితం తీసుకెళ్ళి హాల్లో పరిచింది. పాత ఇంట్లో గూడున్నట్టే తూర్పువైపు గూడు వచ్చేలా పెడితే వంటిల్లు కుడి చేతికొచ్చింది, మంచం ఎడమకు పోయింది. అన్నీ తారుమారు. చాలాసేపు మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. తర్వాత కాగితాన్ని మొత్తంగా అటుది ఇటు తిప్పింది. చొక్కాకు చొక్కా అతికినట్టు అతికింది. మంచం, పెట్టె, మిషను, ఎడమ చేతికి వంటింటి గుమ్మం, అన్నీ ఎక్కడివక్కడ. దేవుడి చోటు మాత్రం పడమటి గోడకు వచ్చింది. పొద్దుటి ఎండ వచ్చే కిటికీ దండం పెట్టుకునే మనిషి వెనకాల ఉండిపోయింది.

కుట్టుపని కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒక తప్పు చేస్తారని పిన్ని చెప్పేది. జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరిస్తారట. బల్ల మీద పెట్టి చూస్తే రెండూ చక్కగానే ఉంటాయి. తొడుక్కున్నాకే ఒక చెయ్యి వెనక్కి పీకుతుంది. అన్నేళ్ళ అనుభవమున్న పిన్ని ఆ రోజు ఆ కాగితం మీద కూర్చుని అదే తప్పు చేసింది. తెలిసే చేసింది.

"మరి అమ్మ తూర్పు అంటుంది కదా?" అన్నాడు బాబాయి, గూటికి బదులు దేవుడి బల్ల కొట్టడానికి గోడకు మేకు పెడుతూ.

"అనదు. తెలిస్తే కదా."

"చెప్పవా?"

"చెప్తే తూర్పే కావాలంటారు. తూర్పుకి పెడితే లేచి నాలుగడుగులు వేయలేరు. పడతారు. మీ అన్నయ్య కారు కింద రెడీగా ఉంటుంది."

"అయినా, దేవుడి విషయం..."

"దేవుడికి అన్ని దిక్కులూ ఒకటే. మీ అమ్మకి ఉన్నది ఈ నాలుగు గోడలే. మేకు కొట్టండి."

బాబాయి మేకు కొట్టాడు.

మామ్మను తీసుకొచ్చిన రోజు పిన్ని గుమ్మం దాకా పట్టుకొచ్చి చెయ్యి వదిలేసింది. "వెళ్ళండి అత్తయ్యా. మనిల్లే" అంది. మామ్మ జంకుతూ ఒక చెయ్యి చాచింది. మంచం తగిలింది. పెట్టె అంచు తగిలింది. మిషను ఇనుము చల్లగా తగిలింది. ఆవిడ మొహం విప్పారింది. గబగబా నడిచి దేవుడి బల్ల దాకా వెళ్ళి, ఎడమకు తిరిగి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి తడిమి, తిరిగొచ్చింది. "ఇల్లంతా చంకన పెట్టుకొచ్చావటే!" అని పిన్ని రెండు బుగ్గలూ పట్టుకుంది.

మర్నాడు పొద్దున దీపం ముందు కూర్చుని మొహం అటూ ఇటూ తిప్పింది. "ఎండ తగలడం లేదేమే?"

"ఎదురుగా పెద్ద బిల్డింగు కట్టారు అత్తయ్యా. దానికి అడ్డం." వరండాకు ఎదురుగా ఉన్నది ఖాళీ స్థలం.

"అయ్యో. పోనీలే. దేవుడు తూర్పుకే ఉన్నాడుగా?"

"అటువైపే."

అబద్ధం ఒకటి ఆడితే దాన్ని నిలబెట్టడానికి ఇల్లంతా కాపలా కాయాలి. పిన్ని షాపులో దొరికే అన్నిటికన్నా దళసరి గుడ్డ తెచ్చి, వెనక రెండు పొరల లైనింగు వేసి, తలుపు పక్క కిటికీకి కర్టెను కుట్టింది. పూజ అయ్యేదాకా వీధి తలుపు తెరవనిచ్చేది కాదు. పాల ప్యాకెట్లకు బయటికి వెళ్ళబోయిన బాబాయిని చొక్కా పట్టుకుని ఆపేది. కింద వాటా ఆవిడ ఒకరోజు వచ్చి, "ఏంటి పిన్నీ, పట్టపగలు లైట్లేసుకున్నారు? సినిమా హాలు పెట్టారా? టిక్కెట్టెంత?" అంది. పిన్ని ఆవిడ భుజం మీద చెయ్యేసి వరండాలోకి నడిపించింది. ఎక్కడ కిటికీ మాట ఎత్తుతుందోనని వెనకే తలుపు మూసింది.

మామ్మ ఇల్లంతా తిరుగుతోంది. చిక్కుళ్ళు ఒలుస్తోంది. పెద్దకొడుకు ఫోన్ చేస్తే, "నేను బాగానే ఉన్నాను, నువ్వే కాస్త అన్నం తగ్గించు" అంటోంది. అన్నీ పిన్ని అనుకున్నట్టే ఉన్నాయి. పిన్నికే అన్నం సయించడం లేదు. పొద్దున్నే ఆ ముసలావిడ గోడ వైపు మొహం ఎత్తి, కళ్ళు మూసుకుని, తనకు కనిపించిన ఆఖరి వెలుగు కోసం వెతుక్కుంటుంటే వెనకాల నిలబడి చూడలేకపోయేది. పిన్నికి పెద్ద భక్తి ఎప్పుడూ లేదు. దీపం కూడా అత్తగారి కోసమే వెలిగించేది. ఆ రోజుల్లో మాత్రం లోపల్లోపల దేవుడితో ఒకటే మాట అనేదట. తప్పు నాది, ఆవిడ దండం మాత్రం నువ్వు వెనక నుంచైనా అందుకో.

ఒక పొద్దున కర్టెను రాడ్డు ఒక పక్క కొక్కెం ఊడి కిందికి వాలింది. "సాయంత్రం వచ్చి బిగిస్తాలే, లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారట" అని బాబాయి పరుగెత్తాడు. పిన్ని వంటింట్లో ఉంది. గుడ్డకూ గోడకూ మధ్య సందులోంచి ఎండ ఒక చార లోపలికి వచ్చింది. దీపం ముందు కూర్చున్న మామ్మ మెడ వెనక పడింది. మామ్మ చెయ్యి ఎత్తి మెడ మీద పెట్టుకుంది. తీయలేదు. దోమ కుట్టిందేమో అనుకుంది పిన్ని. చారను చూసి వెంటనే వెళ్ళి గుడ్డ సర్దింది. మామ్మ చెయ్యి ఇంకా మెడ మీదే ఉంది.

"టీ తెమ్మంటారా అత్తయ్యా?"

"వద్దు."

ఆ రోజు నుంచి మామ్మ మారిపోయింది. దీపం వెలిగించమని అడగడం మానేసింది. లేవడం తగ్గించింది. లేచినా పెట్టె తగలగానే ఆగిపోయి, దాన్ని మళ్ళీ మళ్ళీ తడిమేది. వంటింట్లోకి వెళ్తూ గుమ్మం పక్క గోడకు కొట్టుకుంది. పిన్నికి ఏమీ అర్థం కాలేదు. ఆరోగ్యం పాడైందేమో, మతి తప్పుతోందేమో అని భయపడి డాక్టరుకు చూపించింది. వయసు అన్నాడాయన. ఒక మధ్యాహ్నం పిన్ని షాపులో ఉండగా మామ్మ మిషను దాకా వచ్చి, అక్కడ ఎటు తిరగాలో తోచక ఎటో తిరిగి, పడింది. చెంప చిట్లింది. చప్పుడు విని కింద వాటా ఆవిడ వచ్చి లేపింది.

వార్త పెద్దకొడుక్కి చేరడానికి ఎంతసేపు. సాయంత్రానికి వచ్చేశాడు. తల్లి చెంప మీద కట్టు చూశాడు. అరలోంచి బట్టలు తీసి సంచిలో పెట్టడం మొదలుపెట్టాడు. పిన్ని గోడకు ఆనుకుని నిలబడింది.

"పెద్దాడా, నువ్వు కాసేపు వరండాలోకి వెళ్ళు" అంది మామ్మ. "చిన్నాణ్ణి కూడా తీసుకుపో."

ఇద్దరూ వెళ్ళారు. మామ్మ మంచం మీద కూర్చుని, పిన్ని ఉన్న వైపు కాకుండా ఎదురుగా మొహం పెట్టి మాట్లాడింది.

"నా దేవుణ్ణి ఎటు పెట్టావే?"

పిన్ని కళ్ళు దేవుడి బల్ల మీదికి వెళ్ళాయి.

"నాకు కళ్ళు పోయాయి గానీ వీపు పోలేదు. ఎటు పెట్టావో నీ నోటితో చెప్పు."

"పడమటికి."

"తెలిసే పెట్టావా?"

"తెలిసే పెట్టాను అత్తయ్యా." పిన్ని నేల మీద కూలబడి అంతా చెప్పేసింది. కాగితం, తిప్పడం, కర్టెను, లేని బిల్డింగు. "అడిగితే మీరు తూర్పే అనేవాళ్ళు. పడిపోయేవాళ్ళు. ఆయన తీసుకెళ్ళిపోయేవారు. ఆ కుర్చీ..."

"ఇప్పుడు పడలేదూ?"

పిన్ని ఏడుస్తోంది.

"ఏడవకు, విను. ఎండ వీపు మీద పడిన రోజు నుంచి ఈ ఇల్లు నా చేతుల్లోంచి పోయింది. పెట్టె తగిలితే ఇది పెట్టేనా అనిపించేది. గుమ్మం తగిలితే ఇదేం గుమ్మమో అనిపించేది. దేవుడే అటున్నవాడు ఇటైతే ఇక నేను దేన్ని నమ్మి అడుగు వేయనే? ఇంటికి కొలతలన్నీ తీసుకున్నావు, నన్నొక్క మాట అడగలేదు."

"పడతారని భయమేసింది."

"పడేదాన్ని. ఎందుకు పడ్డానో తెలిసి పడేదాన్ని."

పెద్దకొడుకు తలుపు తోసుకొచ్చాడు. "అమ్మా, ఇక బయల్దేరదాం" అన్నాడు. పిన్ని లేచి సంచి అందుకుంది. తనే కారు దాకా మోద్దామనుకుంది.

మామ్మ కదల్లేదు. "పెద్దాడా, మీ ఇంట్లో దేవుడు ఎటున్నాడ్రా?"

"అది... మెట్ల పక్కన కదా. ఎటు వస్తుందో, చూడాలమ్మా."

"కుర్చీ ఎటుందో తెలుసా?"

"టీవీకి ఎదురుగా."

"అదీ సంగతి. మీ ఇంట్లో నాతో ఎవరూ అబద్ధం చెప్పరు నాయనా. నిజం కూడా చెప్పరు. ఏదైనా చెప్పాలంటే ముందు మాట్లాడాలి కదా." తర్వాత గొంతు మార్చి అంది. "సంచి లోపల పెట్టండి. చిన్నాడా, ఆ బల్ల ఊడదీసి తూర్పుకి కొట్టు. ఎన్నిసార్లు పడతానో పడనీ. నేను ఇల్లు మళ్ళీ నేర్చుకుంటాను."

"మళ్ళీ పడితేనో అమ్మా?" అన్నాడు పెద్దకొడుకు, తల్లి చెంప మీది కట్టు చూస్తూ.

"పడితే నువ్వు మందు పంపు. షాపుంది కదా."

పిన్ని మామ్మ కాళ్ళ దగ్గరికి వచ్చి ఏదో అనబోయింది. మామ్మ చేత్తో ఆపింది. "నువ్వు నా మంచికే చేశావు. తెలుసు. కానీ తూర్పు ఎటో ఇక నీ నోటి మాటగా నాకొద్దు. రోజూ నన్ను ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళు. నేనే చూసుకుంటా."

బల్ల తలుపు పక్కకు, కిటికీ దగ్గరికి మారింది. పిన్ని ఆ దళసరి కర్టెను విప్పేసి పల్చటిది వేసింది. మామ్మ కొత్తగా నడక నేర్చుకుంది. మోచేతులు కమిలాయి, మోకాలు వాచింది, ఎవరైనా పట్టుకోబోతే కసిరేది. వంటిల్లు కుడి చేతికి ఉందని ఒంటికి పట్టేదాకా ఎడమ గోడకు కొట్టుకుంటూనే ఉంది. పిన్ని పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూసేది. పట్టుకోకుండా ఉండడం కుట్టుపని కన్నా కష్టమని ఒకసారి మా అమ్మతో అంది.

నేను మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు కింద వాటా ఆవిడ చుట్టాలెవరో వచ్చారు. మామ్మ పిన్నిని చూపించి "మా కోడలు. కర్టెన్లు కుడుతుంది" అంది. అంతే అంది, కళ్ళ ఊసు ఎత్తలేదు. పిన్ని వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. మామ్మ అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడింది. అద్దం చల్లగానే ఉంది. పిన్ని మెడలో టేపుతో, చేతిలో అగ్గిపెట్టెతో పక్కనే నిలబడింది. షాపుకి ఆలస్యమవుతోందని నేను గుర్తు చేస్తే తల ఊపింది గానీ కదల్లేదు.

మామ్మ ఇప్పటికీ పిన్ని దగ్గరే ఉంటోంది. మబ్బు పట్టిన రోజుల్లో ఆ ఇంట్లో దీపం ఆలస్యంగా వెలుగుతుంది.